పెద్దగుట్ట బాటలు

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కితే తాడ్వాయి దాటేదాకా రెండు పక్కలా పొలాలే కనిపిస్తాయి. ఆ తర్వాత నేల ఎగుడుదిగుడు అవుతుంది. ఎర్రమట్టి చెల్కల నడుమ నల్లటి బండలు తేలతాయి. లింగంపేట దాటి ఎల్లారెడ్డి దిక్కు పోతుంటే అడివి రోడ్డు అంచుదాకా వస్తుంది, దాని వెనక గుట్టలు. అంతా కలిపి సుమారు 40 కిలోమీటర్ల దారి. కొత్తవాళ్లు ఆ గుట్టలను చూసి ఆగరు. నల్లమలకున్న పేరు వాటికి లేదు. చుక్కాపూర్ లక్ష్మీనరసింహస్వామి గుట్టకో, మద్దికుంట అడివిలోని బుగ్గ రామలింగేశ్వరుడి దగ్గరికో అయితే జనం మొక్కులతో పోతారు. మా ఊరి పెద్దగుట్టకు అట్లా వచ్చేవాళ్లు లేరు. నడిమిట్ల ఒక మర్రిచెట్టు, దాని మొదట్లో పసుపు కుంకుమ పూసిన మైసమ్మ రాయి, అంతే.

అయినా ఆ గుట్టతో పని లేకుండా మా ఊళ్లో ఏ ఇంటికీ రోజు గడిచేది కాదు. పొయ్యిలో కట్టె, గుడిసె మీద గడ్డి, పశువుల మేత, పెండ్లి పందిట్లో విస్తరాకు, బతుకమ్మ పువ్వు, ఎండాకాలపు చేతిఖర్చు, అన్నీ అక్కడివే. నేను 1970లలో పుట్టినవాణ్ని. ఆ బతుకు నిండుగా ఉన్న రోజులు చూశాను, ఒక్కొక్కటే పోతుంటే అదీ చూశాను. గుట్ట ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మీదికి పోయిన బాటలు మాత్రం మూసుకుపోయాయి. ఆ బాటల్లో నడిచిన మనుషుల గురించి, వాళ్లకు తెలిసిన సంగతుల గురించి రాసి పెట్టాలని చాలా కాలంగా మనసులో ఉంది.

పొద్దు పొడవంగనే పశువులు కాసే తాత ఊరి మొగదల వేపచెట్టు కింద నిలబడి కేకేసేవాడు. ఇంటింటి కొట్టంలోంచి విడిచిన ఆవులు, దూడలు, బర్రెలు వాటంతట అవే నడిచివచ్చి అక్కడ కలిసేవి. ఊరి పశువులన్నిటికీ ఆయనొక్కడే కాపరి. జీతం కల్లం కాడ గింజల రూపంలో ముట్టేది. పగటి సద్ది వంతుల వారీగా ఒక్కో ఇంటినుంచి వచ్చేది, జొన్నరొట్టెనో గటుకనో, దాంట్లోకి పచ్చిపులుసో. నల్ల గొంగడి, భుజం మీద గొడ్డలి, చేతిలో కట్టె, కాళ్లకు టైరు చెప్పులు. ఆయనకు చదువు రాదు. కానీ మందలో ఏ ఆవు ఏ ఇంటిదో, అది ఎన్నో ఈత ఈనిందో, దాని తల్లి ఎట్లాంటిదో అన్నీ నోటికి చెప్పేవాడు.

బడి లేని రోజుల్లో మేం పిల్లలం ఆయన వెంట పడేవాళ్లం. బాపు ఏమనేవాడు కాదుగానీ బాపమ్మకు మాత్రం భయం. "తాత ఎనుకనే ఉండు బిడ్డా. ఒర్రెలకు దిగకు, గుడ్డెలుగు ఉంటది" అని గడప దాటేదాకా చెప్పేది. మైసమ్మ రాయి దాకా మేం ఎంత అల్లరి చేసినా తాత ఏమనేవాడు కాదు. అక్కడ ఆగి, చెప్పులు విడిచి, రాయికి దండం పెట్టేవాడు. "ఇగ మీదికి ఒర్రకుండ్రి. గుట్టల మనకంటే ముందు ఉన్నోళ్లున్నరు" అనేవాడు. అంతే, అందరం గొంతు తగ్గించేవాళ్లం. జంతువులను ఉద్దేశించి అన్నాడా, దేవతలనా, ఎప్పుడూ అడగలేదు. ఆయన ఆ మాట అన్న తీరులో రెండూ ఉన్నాయనిపించేది.

సగం గుట్ట ఎక్కాక ఒక పరుపుబండ ఉంది. ఇరవై మంది పడుకోవచ్చు, అంత విశాలం. పశువులు మధ్యాహ్నం నీడకు చేరితే మా మకాం అక్కడే. ఆ బండ మీద పులి–మేక ఆట గీతలు చెక్కి ఉండేవి. ఉలితో చెక్కినవి కావు, గులకరాయితో గీకి గీకి, ఏళ్ల తరబడి గీకి చేసినవి. వేలు పెట్టి తడిమితే గీత లోపలి నున్నదనం తెలిసేది. వాళ్ల తాత చిన్నప్పటికే ఆ గీతలు అక్కడ ఉన్నాయని మా తాత చెప్పేవాడు. పులులకు గులకరాళ్లు, మేకలకు సీతాఫలం గింజలు. ఆటలో ఓడినవాడు లేచి పోయి పశువులను మళ్లేసి రావాలి. ఎండకు కాలిన ఆ బండ మీద బోర్లా పడుకొని, గడ్డం కింద చేతులు పెట్టుకొని పులిని కట్టేయడానికి తిప్పలు పడ్డ మధ్యాహ్నాలు నాకు బడిలో చదువుకున్న ఏ పాఠం కన్నా బాగా గుర్తున్నాయి.

బండ పక్కనే ఒక దొన. వానాకాలంలో నిండితే సంక్రాంతి దాకా నీళ్లుండేవి. పశువుల మూతి పడకుండా దాని మీద ముండ్లకొమ్మలు కప్పి, పైన రాళ్లు పెట్టేవాళ్లు. తాగాలంటే మోదుగాకును గరాటు లెక్క చుట్టి, తుమ్మముల్లు గుచ్చి దొప్ప చేసుకోవాలి. తాగినంక కొమ్మలు మళ్లీ ఎట్లున్నవి అట్లా కప్పి రావాలి. ఎవరైనా మరిచిపోతే తెల్లారి తాతకు తెలిసిపోయేది. ఎవరని అడిగేవాడు కాదు. ఆ రోజు ఎవరికీ కథ చెప్పేవాడు కాదు, అదే శిక్ష.

గుట్ట మీద ప్రతి బండకూ, ప్రతి ఒర్రెకూ ఒక పేరుండేది. గద్దల బండ, తేనెపట్ల గుండు, దొంగల సందు, బాలింత ఒర్రె. ఊళ్లో ఎవరైనా "నా ఎర్రావు బాలింత ఒర్రె కాడ ఈనింది" అంటే చీకట్లో కూడా మనిషి నేరుగా అక్కడికే పోయి దూడను ఎత్తుకొచ్చేవాడు. ఆ పేర్లు ఏ రెవెన్యూ పటంలోనూ లేవు. మనుషుల నోళ్లల్లోనే ఉండేవి.

మాకు కాలం చెప్పింది కూడా గుట్టే. ఆకు రాలిన మోదుగులన్నీ ఎర్రబడ్డాయంటే కాముని పున్నం దగ్గరికొచ్చినట్టు. ఆ పూలు జోలె నిండా ఏరుకొచ్చి గంజులో ఉడకబెడితే వచ్చే కాషాయం నీళ్లే మాకు తెలిసిన హోళీ రంగు. మోదుగు రాలుతుండగానే ఇప్పపువ్వు రాలడం మొదలయ్యేది. తెల్లారకముందే పోయి ఏరాలి, ఆలస్యమైతే గుడ్డెలుగులకూ మనకూ పోటీ. ఆ వెనకే మొర్రిపండ్లు, తునికిపండ్లు. మొర్రిపండు తిని గింజ పారేస్తే బాపమ్మ ఊరుకునేది కాదు. గింజలన్నీ ఎండబెట్టి, రాతి మీద పెట్టి పగలగొట్టి సారపప్పు తీసేది. దుకాణంలో దానికి మంచి ధర పలికేది కాబట్టి మా నోట్లో పడింది తక్కువే. మిరుగం వానలకు పుట్టకొక్కులు, శ్రావణంలో కంపల మీద బోడకాకరకాయలు, వినాయక చవితికి తుమ్మికూర. చలికాలంలో పరికిపండ్లతో నాలుకలన్నీ నల్లగా మారేవి.

పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ. ఆ పొద్దున ఊళ్లో పిల్లలందరూ గుట్ట దిక్కే పోయేవారు. గునుగు చెల్కల గట్ల మీద దొరికేది, తంగేడు మాత్రం గుట్ట వాలు మీదే. పచ్చగా విరబూసిన ఆ వాలును దూరం నుంచి చూస్తే కళ్లు తిప్పుకోలేకపోయేవాళ్లం. మా పెద్దమ్మ మా అందరికీ పెద్దదిక్కు. "కొన విరువుండ్రి, మొదలు కదలద్దు. మళ్లేడు కూడ పండుగ ఉంటది" అనేది. ఇప్పుడు కామారెడ్డి బజారులో తంగేడు పువ్వు కట్టలు కట్టి అమ్ముతున్నారు. కొన్న తంగేడుతో బతుకమ్మ పేర్చే రోజు వస్తుందని మా పెద్దమ్మ తలచి కూడా ఉండదు.

అన్నింటికన్నా పెద్ద పండుగ సీతాఫలాల కాలం, దసరాకూ దీపావళికీ నడుమ. గుట్టంతా ఆ చెట్లే. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు, ఎవరిదీ కాదు. కాయ మీది గళ్ల నడుమ గీతలు తెల్లబడితే "కండ్లు తెరిచింది" అనేవాళ్లం. అప్పుడే తెంపాలి. కండ్లు తెరవని కాయను తెంపితే ఎంత మాగబెట్టినా తీపి రాదు, మాడిపోతుంది. తెచ్చిన కాయలను వరిగడ్డిలో కప్పిపెడితే రెండో రోజుకో మూడో రోజుకో ఇల్లంతా వాసన. గుట్ట మీదే ఆకలైతే దోర కాయలను నిప్పుల్లో కాల్చుకునేవాళ్లం. పైతోలు నల్లగా మాడేది, లోపల గుజ్జు వేడివేడిగా, కొంచెం పొగ వాసనతో ఉండేది. ఆ రుచి తెలిసినవాళ్లు ఇప్పుడు నా ఈడు వాళ్లలోనే మిగిలారు.

మా చుట్టుపక్కల తండాలు చాలా ఉన్నాయి. లింగంపేట, గాంధారి, ఎల్లారెడ్డి అడివి అంచుల్లో లంబాడీ కుటుంబాలకు సీతాఫలమే ఆ కాలపు బతుకు. అద్దాల రవికెలు, చేతినిండా గాజులతో ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకొని వరసగా గుట్ట దిగివచ్చేవారు. కొన్ని బుట్టలు ఎల్లారెడ్డి అంగడికి, కొన్ని బస్సు టాపు మీద కామారెడ్డికి. అప్పుడు కామారెడ్డి మీదుగా సికింద్రాబాద్–మన్మాడ్ మీటర్ గేజ్ లైను ఉండేది. బండి ఆగిన ఆ కాసేపట్లో కిటికీల దగ్గర బేరం సాగేది. ఎక్కడెక్కడివారో మా గుట్ట పండు తింటూ పోతున్నారని నాకెంతో గర్వంగా ఉండేది. తండావాళ్లకు చేతికొచ్చిన పైసలు తక్కువ, పట్నంలో పండుకు పలికిన ధర ఎక్కువ. ఆ తేడా నడిమివాళ్ల జేబులోకి పోయేదని పెద్దయ్యాక తెలిసింది.

తునికాకు కథ వేరే. అది ఆట కాదు, కష్టం. చలికాలం చివర్న కొమ్మలు కొట్టి వదిలేస్తే ఎండాకాలంలో లేత చిగురు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రెండో కోడి కూయకముందే ఆడవాళ్లు గుట్టెక్కేవారు. పొద్దెక్కితే బండలు కాలతాయి, ఆకు వాడిపోతుంది. ఇంటికి తెచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చొని 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి, సాయంత్రం ఆకు కొనే కల్లానికి మోసుకుపోవాలి. కల్లెదారు లెక్కపెట్టి కార్డు మీద రాసేవాడు. 1971లో చట్టం చేసి ఆ వ్యాపారాన్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. అంతకుముందు గుత్తేదారు చెప్పిందే లెక్క అని మా అవ్వ అనేది. ఎండిన ఆకు బస్తాలకెక్కి పోయేది, తంబాకుతో కలిసి మళ్లీ మా ఇంటికే వచ్చేది, బీడీలు చుట్టడానికి. అవ్వ చాట ముందేసుకొని కూర్చుంటే రోజుకు వెయ్యి బీడీలు లక్ష్యం. మా చదువుల ఖర్చు ఆ చాటలోంచే వచ్చింది. ఆ తంబాకు గాటుకు ఆమె దగ్గిన దగ్గు కూడా నాకు గుర్తుంది. కాబట్టి ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. పాము కరిస్తే ఆస్పత్రి దూరం, వాన లేకపోతే గటుక కూడా కరువు. గుట్ట మీద బతికిన ఆడవాళ్ల మెడలు మోపులకు వంగిపోయాయి. ఆ కష్టం పోవడమే మంచిది. దాంతోపాటు పోకూడనివి కూడా కొన్ని పోయాయి, నా బాధ వాటి గురించే.

గుట్ట నెత్తి మీదికి మమ్మల్ని తాత తీసుకుపోయేది వానలు వెనకబట్టిన తర్వాతే, గాలి తేటగా ఉన్నప్పుడు. పడమట మంజీర ఒక వెండి గీతలా మెరిసేది. ఇంకా దూరంలో నిజాంసాగర్. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆ ఆనకట్ట పనిలో తాత తండ్రి రాళ్లు మోశాడట. ఆ ఆనకట్ట ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు చరిత్ర పుస్తకంలో చదివాను, రాళ్లు మోసినవాళ్ల సంగతి మాత్రం ఆ గుట్ట మీదే విన్నాను. దక్షిణాన మెదక్ దారిలో పోచారం. ఆ చెరువు 1922లో పూర్తయింది. దాని చుట్టూ నిజాం వేటాడిన అడివిని 1952లో అభయారణ్యం చేశారు. అక్కడి దుప్పులు, మనుబోతులు, కొండగొర్రెలు, చిరుతలు మా దిక్కు కూడా వచ్చిపోయేవి. మా పెద్దగుట్ట మీద పడ్డ వాన ఒర్రెల్లోంచి కుంటకు, కుంట మత్తడి దూకి వాగుకు, వాగులోంచి మంజీరకు చేరుతుందనీ, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుందనీ తాత కట్టెతో చూపించి చెప్పాడు. భూగోళం నాకు అక్కడే అర్థమైంది.

ఇదంతా ఒక్కనాడు పోలేదు. 1980ల, 90లలో అడివిలో అన్నలు, అంటే నక్సలైట్లు తిరిగారు, వాళ్ల వెనక పోలీసులు వచ్చారు. తునికాకు రేట్లు పెరగడంలో ఆ ఉద్యమం పాత్ర ఉందని మా దగ్గర అందరికీ తెలుసు. అదే కాలంలో గుట్టకు పోయిన మనిషి పొద్దుగూకినా రాకపోతే ఇంట్లోవాళ్లు వణికిపోయేవారు. ఎందుకు పోయినవ్ అని ఎవరు అడుగుతారో, ఏం జవాబు చెప్పాలో తెలియని భయం. తల్లులు పిల్లలను గుట్టకు పంపడం మానేశారు. రెండు తరాల నడుమ సంగతులు చేతులు మారే బాట అక్కడే తెగిందని నేననుకుంటాను.

మిగిలినవి నెమ్మదిగా జరిగాయి. బోర్లు పడ్డాయి, చెల్కలు వరి మళ్లయ్యాయి. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు పోయాయి, ఎడ్లు పోయాక మంద పోయింది, మంద లేని ఊరికి కాపరి ఎందుకు? తాత కొడుకు దుబాయ్ పోయాడు, మా వయసు వాళ్లు సగం మంది మస్కట్, సౌదీ పోయారు. గ్యాసు పొయ్యి వచ్చి కట్టెల మోపు పోయింది, ఆ మేరకు నాకు సంతోషమే. కాగితం ప్లేట్లు వచ్చి మోదుగాకు విస్తరి పోయింది, అది మాత్రం ఏ విధంగానూ లాభం కాదు. గుట్ట అడుగున మొరం కోసం తవ్విన గుంతలు పడ్డాయి, వాటి చుట్టూ సర్కారు తుమ్మ పెరిగింది. ఇప్పుడు బాట వెతుక్కోవాలంటే కొడవలి కావాలి.

గుట్ట మీద పండ్లు తగ్గాక కోతులు ఊరి మీద పడ్డాయి. పెరట్లో జామకాయ లేదు, చేలో మక్కకంకి మిగలదు, పెంకులు పీకి పారేస్తాయి. ప్రభుత్వం 'మంకీ ఫుడ్ కోర్టు'ల పేరుతో కోతుల కోసం పండ్లచెట్లు నాటించే పని పెట్టుకుంది. ఆ చెట్లన్నీ ఒకప్పుడు ఎవరూ నాటకుండానే మా గుట్ట మీద ఉన్నాయి.

2025 ఆగస్టు 27, 28 తేదీల వానను కామారెడ్డి జిల్లా ఎప్పటికీ మరిచిపోదు. రాజంపేట మండలంలో ఒక్క రోజు వ్యవధిలో 40 సెంటీమీటర్లకు పైగా పడింది. రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కామారెడ్డిలో కాలనీలు మునిగాయి. పోచారం కట్ట ఆగుతుందా అని రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి చూసింది. నూరేండ్లు దాటిన ఆ కట్ట నిలబడింది. అంత వానకు ఏ గుట్టా, ఏ అడివీ పూర్తిగా అడ్డం నిలవదని నాకు తెలుసు. కానీ ఏ ఒర్రె ఎటు పారుతుందో, ఏ కుంట మత్తడి ఎటు దూకుతుందో కట్టెతో చూపించి చెప్పగల మనుషులు ఊరూరా ఉంటే, ఒర్రె నోట్లో ఇల్లు కట్టుకునేవాళ్లు తక్కువ ఉండేవారు. ఆ తెలివి గుట్టెక్కినవాళ్లకు ఉండేది.

పోయినవన్నీ పోయినట్టేనని కూడా నేననను. లింగంపేటలో నాగన్న బావి ఉంది. మెట్లతో అంతస్తులుగా దిగే పాత బావి, మా చిన్నప్పుడు చెత్తతో, పొదలతో నిండి ఉండేది. దాన్ని ఈ మధ్య ఓపికగా శుభ్రం చేసి బాగుచేశారు. ఇప్పుడు దూరం నుంచి చూడడానికి వస్తున్నారు. రాతి కట్టడం కాబట్టి పూడిక తీస్తే మళ్లీ బయటపడింది. పేర్లు, బాటలు, ఏ కాయ ఎప్పుడు కోయాలన్న తెలివి అట్లా కాదు. చెప్పేవాళ్లు పోతే తవ్వి తీయడానికి ఏమీ ఉండదు.

మా తాత పోయి చాలా ఏండ్లయింది. పోయిన కార్తీకంలో నేనూ, మా చెల్లె కొడుకూ కొడవలి పట్టుకొని పరుపుబండ దాకా వెళ్లాం. గీతల్లో నాచు పట్టింది. పిల్లవాడు గోటితో గీకి చూసి "ఇదేంది మామా?" అన్నాడు. సీతాఫలం గింజలు ఏరుకొచ్చి అక్కడే ఆట నేర్పించాను. దొనలో నీళ్లున్నాయి, దాని మీద కొమ్మలు కప్పేవాళ్లు మాత్రం లేరు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు సర్పంచులకూ, టీచర్లకూ నా మనవి ఇది. ప్రతి గ్రామపంచాయతీకి ఇప్పుడు ఒక నర్సరీ ఉంది. వచ్చే ఏడు ఆ సంచుల్లో మొర్రి, తునికి, సీతాఫలం, పరికి గింజలు కూడా వేయండి, మిరుగం వానలకు గుట్ట వాలు మీద నాటించండి. వనభోజనాలకు పిల్లలను పార్కుకు తీసుకుపోయే బదులు ఊరి గుట్టకే తీసుకుపోండి. పశువులు కాసినవాళ్లు, ఆకు తెంపినవాళ్లు ప్రతి ఊళ్లో ఇంకా ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లను వెంటబెట్టుకొని, చేతిలో నోటుబుక్కుతో నడవండి. బండల పేర్లు, ఒర్రెల పేర్లు, చెట్ల పేర్లు వాళ్లు చెప్పింది చెప్పినట్టు పిల్లలతో రాయించండి. వాళ్లందరికీ డెబ్బై దాటాయి, ఈ కార్తీకంలోనే మొదలుపెట్టండి.